ముగ్గు పోసే రోజునే పిల్లాడి సంగతి అడగండి: గృహనిర్మాణ శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గృహనిర్మాణ శాఖల అధికారులకు, ప్రత్యేకించి స్థలం దగ్గర నిలబడి పునాదికి ముగ్గు పోయించే అసిస్టెంట్ ఇంజనీర్లకు (ఏఈలకు),

నమస్కారం.

మేము పిల్లలకు ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ చేసేవాళ్లం. మాతోపాటు ఇళ్లు కట్టే మేస్త్రీలూ సివిల్ ఇంజనీర్లూ కలిసి ఈ లేఖ రాశారు. మేం అడిగేది ఒకటే. సర్కారు సాయంతో కట్టే ఇంట్లో నడవలేని పిల్ల గానీ పిల్లాడు గానీ ఉంటే, ఆ సంగతి ముగ్గు పోసే రోజుకే మీ కాగితాల్లో ఉండాలి. గృహప్రవేశం అయ్యాక తెలిస్తే చేయగలిగేది తక్కువ, పగలగొట్టాల్సింది ఎక్కువ.

ఇల్లు ఆ బిడ్డకు అనువుగా ఉంటుందా ఉండదా అన్నది నాలుగు చోట్ల తేలిపోతుంది. బేస్‌మెంట్ (నేల మీంచి ఇంటి గచ్చు దాకా లేపే కట్టడం) ఎత్తు, దర్వాజా వెడల్పు, బాత్రూమ్ కొలత, శ్లాబు సెంట్రింగ్. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకు బిల్లులు పడే దశలూ దాదాపు ఇవే. బేస్‌మెంట్, గోడలు, శ్లాబు, పని ముగింపు. ప్రతి దశలోనూ మీవాళ్లు వచ్చి ఫొటో తీసుకుని వెళ్తారు. అదే రాకలో ఒక్కో కొలత టేపు పెట్టి చూస్తే సరిపోతుంది. కొత్త సిబ్బంది అక్కర్లేదు.

ముందుగా పిల్లల గురించి ఒక మాట. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న ఆరేళ్ల పాపను తల్లి చంకనేసుకుని మూడు మెట్లు ఎక్కేస్తుంది. అందుకే ఇల్లు కట్టేటప్పుడు ఎవరికీ ఇబ్బంది కనపడదు. అదే పాపకు పధ్నాలుగేళ్లు వచ్చి ముప్ఫై అయిదు కిలోలయ్యేసరికి తల్లి నడుము పోతుంది, పాప బడి మానేస్తుంది. డుషేన్ రకం కండరాల క్షీణత ఉన్న బాబు సంగతి ఇంకా మోసపుచ్చేది. ముగ్గు పోసే రోజున వాడు మీ కళ్ల ముందే నడుస్తూ ఉంటాడు. చాలామందికి పదీ పన్నెండేళ్ల ప్రాంతంలో నడక ఆగిపోతుంది. అప్పటికి ఇంటికి వేసిన రంగు కూడా వెలిసి ఉండదు. కాబట్టి ఇవాళ ఎలా ఉన్నాడన్నది చూసి కాకుండా, డాక్టరు రాసిన జబ్బు పేరు చూసి ప్లాను గీయాలి.

ఇక ర్యాంపు. "ఉంది కదండీ ర్యాంపు" అని చాలా ఇళ్ల దగ్గర చూపించేది బండి ఎక్కించే ర్యాంపు. రెండడుగుల బేస్‌మెంట్‌కు ఆరడుగుల పొడవులో, మెట్ల పక్కన రెండడుగుల వెడల్పున పోసి ఉంటుంది. బండికి ఇంజను ఉంది కాబట్టి ఎక్కుతుంది. నలభై కిలోల పిల్లాడు, పద్దెనిమిది కిలోల చక్రాల కుర్చీ కలిపి యాభై ఎనిమిది కిలోలు. ఆ వాలు మీద దాన్ని తోయాలంటే దాదాపు పద్దెనిమిది కిలోల బలం నిలకడగా పెట్టాలి. మధ్యలో చేయి జారితే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. పన్నెండుకు ఒకటి వాలులో అయితే అయిదు కిలోల బలం చాలు. పన్నెండేళ్ల అక్క కూడా తమ్ముణ్ణి తోసుకుపోగలదు.

పన్నెండుకు ఒకటి అంటే మేస్త్రీ నోటిలెక్క చాలా సులువు. బేస్‌మెంట్ ఎన్ని అంగుళాలో ర్యాంపు అన్ని అడుగులు. రెండడుగుల బేస్‌మెంట్ అంటే ఇరవై నాలుగు అడుగులు. సెంటున్నర స్థలం మొత్తం కలిపి దాదాపు 650 చదరపు అడుగులే కాబట్టి అంత ర్యాంపు ముందు వైపు పట్టదు. అందుకే "స్థలం లేదండీ" అన్న మాట వస్తుంది, ర్యాంపు ఎగిరిపోతుంది. నిజానికి తగ్గించాల్సింది బేస్‌మెంట్ ఎత్తు.

జనం బేస్‌మెంట్ ఎత్తుగా లేపడానికి కారణం ఉంది. సీసీ రోడ్డు మీద మళ్లీ మళ్లీ రోడ్డు వేసుకుంటూ పోతే పదేళ్లలో ఇల్లు గుంటలో పడుతుంది, వాన నీళ్లు లోపలికొస్తాయి. ఆ భయం కొట్టిపారేయలేం. నీళ్లు నిలవని వీధుల్లో మేం చెప్పే మధ్యేమార్గం ఇది. బేస్‌మెంట్ పద్దెనిమిది అంగుళాలు ఉంచండి. గేటు దగ్గర నుంచి వాకిలినే కొద్దికొద్దిగా మట్టి పోసి ఆరంగుళాలు లేపండి. ఇరవై అడుగులకు అడుగు చొప్పున లేచే వాకిలి వాలుగా అనిపించదు, దానికి పట్టుకునే పైపు కూడా అక్కర్లేదు. ఇక మిగిలిన పన్నెండు అంగుళాలకు పన్నెండు అడుగుల ర్యాంపు చాలు. ముందు చోటు లేకపోతే పక్క సందులో గోడ వెంట పోసి పెరటి గుమ్మానికి కలపొచ్చు. ముందు గుమ్మానికే ఉండాలన్న పట్టింపు వద్దు. కాకపోతే ఆ దారిలో సెప్టిక్ ట్యాంకు మూత గానీ గ్యాస్ బండ గానీ అడ్డం రాకుండా ముగ్గులోనే చూసుకోవాలి. వాకిలి లేపడానికి వీల్లేక పద్దెనిమిది అంగుళాలకూ ర్యాంపే పోయాల్సి వస్తే లెక్క ఇలా ఉంటుంది. పద్దెనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం కాంక్రీటుకు 24 ఘనపుటడుగులు. ఒకటి-రెండు-నాలుగు పాళ్లలో నాలుగున్నర బస్తాల సిమెంటు. లోపల నింపడానికి సగం ట్రాక్టరు మొరం. రెండు పక్కలా ఇటుక గోడ. ఇంతే. ఇంటి మొత్తం ఖర్చులో ఇది కనపడని అంకె.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మొదటిది మట్టి. ఒకేసారి నింపేసి పైన కాంక్రీటు పోస్తే మొదటి వానకే కుంగి, ఇంటి గట్టుకూ ర్యాంపుకూ మధ్య అంగుళం ఎగుడుదిగుడు వస్తుంది. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి. అవి ఆ అంగుళం దగ్గర ఠక్కున ఆగి, పిల్లాడు ముందుకు తూలిపోతాడు. ఆరంగుళాలకు ఒక పొర చొప్పున నీళ్లు కొట్టి దిమ్మిస చేయాలి. ప్లింత్ బీమ్ (బేస్‌మెంట్ మీద పోసే కాంక్రీటు దూలం) పోసేటప్పుడే అడుగుకొకటి చొప్పున పది ఎంఎం కమ్మీలు బయటికి వదిలితే, ర్యాంపు పైచివర ఉండే చదును దానికి కట్టుబడి ఉంటుంది. రెండోది ఆ చదునే. ర్యాంపు నేరుగా తలుపుకు తగిలితే, తాళం తీసేదాకా కుర్చీని ఒక చేత్తో ఆపి పట్టుకోవాలి. తలుపు ముందు అయిదడుగుల చదరం సమంగా ఉండి తీరాలి. మూడోది టైల్స్. ఇంటికి అందమని ర్యాంపు మీద గ్లేజు టైల్స్ వేస్తారు, తడిస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ జారతారు. పచ్చి కాంక్రీటు మీద చీపురుతో అడ్డంగా గీతలు లాగితే అదే పట్టు. అంచుల్లో మూడంగుళాల గట్టు, రెండు వైపులా ఒకటిన్నర అంగుళం పైపు ఉండాలి. నాలుగోది కాలువ. ర్యాంపు అద్భుతంగా పోసి, కింద రోడ్డు కాలువ మీద బండ వేయకుండా వదిలేసిన ఇళ్లున్నాయి. కాలువ మీద ఇనుప జాలీ అయితే దాని చువ్వలు కుర్చీ వెళ్లే దిక్కుకు అడ్డంగా రావాలి. అదే దిక్కున పొడుగ్గా ఉంటే ముందు చక్రం సందులో దిగిపోతుంది.

గడప దగ్గర జనానికి పట్టింపు ఉంటుంది, ఉండాలి కూడా. పసుపు పూసి బొట్లు పెట్టుకునే గడపను తీసేయమని మేం ఏ తల్లినీ అడగం. మూడంగుళాలు లేచి ఉండే గడప కర్రను నేల గచ్చులోకి దించి, అర అంగుళం మాత్రమే పైకి కనపడేలా ద్వారబంధం నిలబెడితే సరి. అంచులు రెండు వైపులా వాలుగా చెక్కించాలి. పసుపూ నిలుస్తుంది, చక్రమూ దాటుతుంది. నేలలో ఉండే కర్ర కాబట్టి చెదమందు, తారు పూత తప్పనిసరి. వంటింటికీ పడగ్గదికీ అయితే మూడు కర్రల ద్వారబంధం చాలు, కింద కర్రే వద్దు.

వెడల్పు విషయంలో లెక్క చాలామందికి తప్పుతుంది. మూడడుగుల దర్వాజా అంటే వడ్రంగి లెక్కలో బయటి కొలత. రెండున్నర అంగుళాల కర్ర రెండు పక్కలా పోగా ముప్ఫై ఒక్క అంగుళం. తొంభై డిగ్రీలు తెరిచిన తలుపు మందం కూడా పోతే నికరంగా ముప్ఫైకి దగ్గర. సౌలభ్య ప్రమాణం అడిగేది 900 మిల్లీమీటర్లు, అంటే ముప్ఫై అయిదున్నర అంగుళాలు. బయటి కొలత మూడున్నర అడుగులు రాయిస్తే నికరంగా అది వస్తుంది. బాత్రూమ్‌కు వేసే రెండున్నర అడుగుల పీవీసీ తలుపులో నికరం రెండడుగులే. పెద్దవాళ్ల కుర్చీ వెడల్పే ఇరవై నాలుగు నుంచి ఇరవై ఆరు అంగుళాలు. చక్రం పట్టుకున్న వేళ్లకు చోటు వేరే. బాత్రూమ్ దాకా వచ్చిన కుర్చీ అక్కడే ఆగిపోవడానికి కారణం ఆ ఆరంగుళాలే.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది బాత్రూమ్ మీద. పిల్లలు పెద్దవుతున్నకొద్దీ ఇంట్లోవాళ్లు ముందు ఓడిపోయేది అక్కడే. మామూలు ప్లానులో మూడు నాలుగుల లెట్రిన్, నాలుగు నాలుగుల స్నానాల గది విడివిడిగా ఉంటాయి. రెండూ కలిపి 28 చదరపు అడుగులు. మధ్య గోడ తీసేసి అయిదు ఏడుల ఒకే గదిగా కడితే 35 అడుగులు. పెరిగేది ఏడడుగులు, మిగిలేది ఒక గోడా ఒక తలుపూ. కుర్చీ పూర్తిగా చుట్టు తిరగాలంటే అయిదడుగుల చదరం ఖాళీ కావాలి. ఇందులో అంత రాదు. కానీ కుర్చీ నిటారుగా లోపలికి వెళ్లి అలాగే వెనక్కి రాగలదు, తల్లి పక్కన నిలబడి ఒంగకుండా పని చేయగలదు. కమోడ్ మధ్యరేఖ పక్క గోడకు పద్దెనిమిది అంగుళాల్లో ఉంటే రెండో పక్క కమోడ్ అంచు నుంచి దాదాపు మూడడుగులు ఖాళీ దొరుకుతుంది. కుర్చీ ఆగాల్సిన చోటు అది.

తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనకాల పిల్ల జారి పడిపోతే, ఆ ఒంటి బరువుకే తలుపు బిగుసుకుపోతుంది. గడియ బయటి నుంచి నాణెంతో తిప్పితే తీసేలా ఉండాలి.

నీళ్లు గదిలోకి రాకుండా గుమ్మం దగ్గర మూడంగుళాల కట్ట వేయడం మన అలవాటు. ఆ కట్ట వద్దు. నాలుగడుగులకు అంగుళం వాలు ఇచ్చి, నీళ్లను తలుపుకు ఎదురు మూలకు పంపాలి. తలుపు వెంబడి సన్నటి పొడవు జాలీ ఒకటి అదనంగా వేస్తే ఒక్క చుక్క ఇవతలికి రాదు. ఇది కుదరాలంటే బాత్రూమ్ అడుగు కాంక్రీటు మిగతా ఇంటికంటే మూడంగుళాలు దిగువన పోసి ఉండాలి. బేస్‌మెంట్ బిల్లు దశలోనే చూడాలని మేం పట్టుబట్టేది ఇందుకే. ఒకసారి సమంగా పోసేశాక మళ్లీ తవ్వడం ఎవరి తరమూ కాదు.

పట్టుకునే కడ్డీల గురించి. టవల్ వేసుకునే అల్యూమినియం రాడ్డును కడ్డీ అనుకుని పట్టుకుంటారు, అది ప్లాస్టిక్ ప్లగ్గులతో సహా ఊడి చేతికొస్తుంది. నాలుగున్నర అంగుళాల సిమెంటు ఇటుక గోడలో ప్లగ్గు నిలవదు. గోడ కట్టేటప్పుడే కమోడ్ పక్కనా వెనకా, నేల నుంచి పద్దెనిమిది అంగుళాల ఎత్తులో మొదలుపెట్టి ముప్ఫై ఆరు అంగుళాల దాకా ఇటుకకు బదులు కాంక్రీటు పోయించండి. పిల్ల ఎదిగినకొద్దీ కడ్డీ పైకి జరపాలి కాబట్టి ఆ పద్దెనిమిది అంగుళాల పట్టీ అంతా కావాలి. గోడ ఇప్పటికే కట్టేసి ఉంటే పది ఎంఎం బోల్టు ఇటు నుంచి అటు దూర్చి, వెనక నాలుగంగుళాల ఇనుప ప్లేటు వేసి బిగించాలి. కడ్డీకీ గోడకూ మధ్య రెండంగుళాలు మించి సందు వద్దు, మోచేయి ఇరుక్కుంటుంది.

స్నానానికి నేల మీద కూర్చోబెట్టడం కంటే గోడ వారన తిన్నె మేలు. కుర్చీ సీటు ఎంత ఎత్తో తిన్నె అంతే ఎత్తు, అంటే పద్దెనిమిది, పందొమ్మిది అంగుళాలు. పొడవు నాలుగడుగులు, వెడల్పు రెండున్నర. అప్పుడు ఎత్తుకోవడం ఉండదు, పక్కకు జరపడమే. దాని మీద నున్నటి కడప బండ వేస్తే సబ్బు నీళ్లకు జారుతుంది. గరుకు నాపరాయి వేసి అంచులు గుండ్రంగా అరగదీయించాలి. ఇక వేడినీళ్లు. స్పైనా బిఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోని లోపం) ఉన్న పిల్లల్లో చాలామందికి నడుం కింద వేడి తెలియదు. చర్మం కాలినా ఏడవరు. బకెట్‌లో చన్నీళ్లు ముందు, వేడినీళ్లు తర్వాత, మోచేత్తో చూశాకే పిల్ల మీద. హీటరు రాడ్డు పెట్టిన బకెట్ బాత్రూమ్‌లో ఉండనే కూడదు. ఇంటికంతటికీ ముప్ఫై మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) ఒకటి పెట్టించండి. కరెంటు పనిలో ఇంకేది తగ్గించినా దీన్ని తగ్గించొద్దు.

శ్లాబు పోసే రోజుకు చేయాల్సింది చిన్నదే. మంచం వచ్చే చోటా, బాత్రూమ్‌లో తిన్నె పైనా ఒక్కో గట్టి హుక్కు. ఫ్యాను హుక్కు ఆ పనికి రాదు. పన్నెండు ఎంఎంకు తగ్గని నున్నటి కమ్మీని వంచి, దాని కాళ్లు శ్లాబు కమ్మీల మీదుగా పక్కలకు పోయేలా కట్టాలి. ఎంత పొడవు పోవాలన్నది శ్లాబు మందాన్ని బట్టి మీ ఇంజనీరు తేల్చాలి. 28 రోజుల క్యూరింగ్ అయ్యాక మూడు సిమెంటు బస్తాలు ఒక రోజంతా వేలాడదీసి చూడండి. ఇవాళ దానికి గుడ్డ ఉయ్యాల కట్టి థెరపీ చేయొచ్చు, రేపు పిల్లాడు నలభై కిలోలు దాటాక బరువెత్తే చైన్ బ్లాకూ జోలీ తగిలించొచ్చు. శ్లాబు అయిపోయాక డ్రిల్లు వేసి పెట్టే బోల్టును మేం నమ్మం.

కిటికీ కూడా. మూడడుగుల ఎత్తులో మొదలయ్యే కిటికీలోంచి మంచం మీద పడుకున్న పిల్లకు కాస్త ఆకాశమే కనపడుతుంది. ఆ ఒక్క కిటికీ రెండడుగుల ఎత్తులో మొదలుపెడితే వీధి కనపడుతుంది, ఐస్ బండి కనపడుతుంది, బడికి పోయే పిల్లలు కనపడతారు. ఖర్చు పైసా లేదు, మేస్త్రీకి చెబితే చాలు.

ఆటిజం ఉన్న పిల్లలకు ర్యాంపు అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది తాళం పడే సంపు మూత, ఎక్కలేని పిట్టగోడ, గేటుకు పైన గడియ, షట్టర్ ఉన్న ప్లగ్ సాకెట్లు. చూపు తక్కువున్న పిల్లలకు మెట్టు అంచున రెండంగుళాల పసుపు రంగు పట్టీ, గోడకూ తలుపుకూ వేర్వేరు రంగులు, నిగనిగలాడని టైల్స్ ఉంటే చాలు.

అపార్టుమెంట్ల మాట కొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల టిడ్కో ఇళ్లు జీ ప్లస్ త్రీ, అంటే కింది అంతస్తు మీద మరో మూడు. లాటరీలో మూడో అంతస్తు వచ్చిన కుటుంబానికి పైన చెప్పిందేదీ పనికిరాదు. లాటరీ తీయకముందే ఇలాంటి కుటుంబాలను పక్కకు తీసి కింది అంతస్తు కేటాయించాలి. తర్వాత మార్పిడి చేస్తామంటే ఒప్పుకునే పొరుగువాళ్లు దొరకరు.

చట్టం సంగతి మీకు తెలియంది కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ గృహ పథకాల్లో 5 శాతం కేటాయించమంటోంది. సౌలభ్య ప్రమాణాలు తప్పనిసరి కావాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ చట్టం కింది నియమాల్లో 15(1) రూలును కొట్టేసి మరీ చెప్పింది. అయితే ఆ ప్రమాణాల చూపంతా ప్రజలు వచ్చిపోయే భవనాల మీదే. సొంతింటి లోపలి సంగతి కుటుంబానికే వదిలేశారు. పైగా ఇల్లు తల్లి పేరున వస్తుంది, వైకల్యం బిడ్డది. తల్లికి సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ లేదు కాబట్టి ఆ ఇల్లు 5 శాతం లెక్కలోకి వస్తుందా రాదా అన్నది మీరు రాతపూర్వకంగా తేల్చాలి. వస్తుందనే తేల్చాలని మా మనవి.

ఉత్తర్వులో మేం కోరేవి ఇవి. దరఖాస్తులో ఇంట్లో ఎవరి పేరున సదరం లేదా యూడీఐడీ (వైకల్య గుర్తింపు కార్డు) ఉన్నా నమోదు చేసే గడి ఉండాలి. ర్యాంపునూ దాని చదునునూ ఇందిరమ్మ ఇళ్లకు ఉన్న 600 చదరపు అడుగుల పరిమితిలో కలపకూడదు. బాత్రూమ్ పెంచినందుకో కిటికీ దించినందుకో ప్లాను తప్పిందని బిల్లు ఆపకూడదు. కింది స్థాయిలో ఈ భయం వల్లే మేస్త్రీలు మార్పు చేయడానికి ఒప్పుకోరు. ర్యాంపు, బాత్రూమ్, కడ్డీల కోసం యూనిట్ ధరకు అదనంగా కొంత మొత్తం ఇచ్చి, గోడల దశ బిల్లుతో కలిపి వేయాలి. చివరి బిల్లుతో వేస్తే అప్పటికి పనులన్నీ మామూలు కొలతల్లో అయిపోయి ఉంటాయి. స్థలం ఇచ్చే చోట ఈ కుటుంబాలకు రోడ్డు కంటే పల్లం లేని, కాలువ దాటే పని లేని ప్లాటు చూడాలి.

మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది, అక్కడికి ఫిజియోథెరపిస్టు వస్తారు. మీ ఏఈ ముగ్గుకు వెళ్లే ముందు ఆయనకో ఆమెకో ఒక ఫోను చేస్తే, కుర్చీ వెడల్పు, సీటు ఎత్తు, బిడ్డ మోకాలి ఎత్తు, బరువు, జబ్బు పేరు, ఈ అయిదూ ఒక చీటీ మీద రాసిస్తారు. ఆ చీటీని ఇంటి ఫైల్లో మొదటి ఫొటో పక్కన పెట్టమనండి. తర్వాతి బిల్లులకు వచ్చే ఇంజనీరు మారినా కొలత మారదు.

నమూనా ప్లాను గీయడానికీ, ఏఈలకూ మేస్త్రీలకూ ఒక పూట కూర్చుని చెప్పడానికీ మేం సిద్ధం. కొత్త విడత ఇళ్లకు ముగ్గు మొదలుకాకముందే పిలవండి.

ఇట్లు,
పిల్లల థెరపిస్టులు, మేస్త్రీలు, సివిల్ ఇంజనీర్లు